కొత్తదైతే చాలా, మెరుగైనది కావద్దా? కియా యాజమాన్యానికి బహిరంగ లేఖ

శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ మండలం ఎర్రమంచిలో కార్లు తయారు చేస్తున్న కియా ఇండియా యాజమాన్యం వారికి, ఆ కార్లకు రూపం ఇస్తున్న డిజైనర్లకు, ఇంజినీర్లకు



2023 జూలైలో మీరు మీ సెల్టోస్ కారుకు కొత్త రూపం ఇచ్చారు. టర్బో పెట్రోల్ ఇంజిన్ బలం పెంచారు. అదే చేత్తో ఆ ఇంజిన్‌కు మాన్యువల్ గేర్‌బాక్సు లేకుండా చేశారు, క్లచ్ పెడల్ తీసేశారు. 2026 జనవరి 2న కొత్త తరం సెల్టోస్‌ను మార్కెట్లోకి తెచ్చినప్పుడైనా దాన్ని తిరిగి ఇస్తారని మాలాంటి వాళ్లం ఎదురుచూశాం. ఇవ్వలేదు. పొడవు పెరిగింది, తెర పెరిగింది, ప్రకటనల్లో విశేషణాలు పెరిగాయి. బండి నడపడమే ఇష్టంగా పెట్టుకున్నవాడికి మాత్రం మొదటి సెల్టోస్‌లో దొరికింది మూడో సెల్టోస్‌లో దొరకడం లేదు. ఇది మెరుగుదల అంటే నేను ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో నలుగురి ముందూ చెప్పడం న్యాయమనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

కారు కంపెనీ తన కారును ఎలా మార్చుకుంటే నీకేమిటి అని మీరు అడగవచ్చు. సెల్టోస్ విషయంలో ఆ ప్రశ్నకు చోటు లేదు. అది ఏ ఓడరేవులోనో దిగి లారీ ఎక్కి వచ్చిన బండి కాదు. 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో మీరు ఒప్పందం చేసుకున్నారు. సుమారు 536 ఎకరాల నేల మీ చేతికి వచ్చింది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే పండగ అనుకునే జిల్లా ఇది. శెనక్కాయ విత్తనం వేసి మొగులు వైపు చూసే రైతుకు ఆ మాత్రం వానా సకాలంలో పడదు. హంద్రీ-నీవా కాలువలో ఎక్కడో శ్రీశైలం నుంచి ఎత్తిపోసుకుంటూ తెచ్చిన కృష్ణా నీళ్లు గొల్లపల్లి జలాశయానికి చేరితే, ఆ జలాశయం నుంచి మీ ఫ్యాక్టరీకి నీళ్లిచ్చారు. ఆ నీళ్ల కోసం మా తాతల నాటి నుంచీ ఉద్యమాలు జరిగాయి. పిల్లలకు ఉద్యోగాలొస్తాయని, పెనుకొండ పేరు మళ్లీ దేశమంతా వినపడుతుందని మేం సంతోషించాం. 2019 జనవరిలో తొలి కారు ప్రయోగాత్మకంగా బయటికి వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 22న సెల్టోస్ అమ్మకానికి వచ్చింది. 2023 జూలైలో మీ పదిలక్షలవ కారు బయటికి వచ్చింది, అది కొత్త రూపం దిద్దుకున్న సెల్టోసే. ఆ పది లక్షల్లో సగానికి పైగా సెల్టోస్‌లే. మా నేలమీద, మా నీళ్లతో, మా పిల్లల చేతుల మీదుగా తయారయ్యే కారు బాగుందో లేదో అడిగే హక్కు మాకు ఉందా, లేదా?

మొదటి సెల్టోస్ సంగతి ముందు చెప్పాలి. ఏం పోయిందో తెలియాలంటే ఏం ఉండేదో తెలియాలి కదా. 1.4 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, 140 పీఎస్ శక్తి, 242 న్యూటన్ మీటర్ల టార్క్, ఆరు గేర్ల మాన్యువల్. ఏడు గేర్ల డీసీటీ ఆటోమేటిక్ కావాలంటే అదీ ఉండేది. ఎవరికి ఏది కావాలో వాళ్లు తీసుకున్నారు. మా బావమరిది మాన్యువల్ తీసుకున్నాడు. ఆ కారును మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ ఘాట్ ఎక్కించినప్పుడు స్టీరింగ్ నా చేతిలో ఉంది. కొండమలుపు ముందర బ్రేకు మీద కాలు ఉండగానే క్లచ్ నొక్కి మూడు నుంచి రెండుకు దించుతాం. క్లచ్ పూర్తిగా వదలకముందే ఇంజిన్ పట్టు ఎక్కడ మొదలవుతుందో అరికాలికి తెలుస్తుంది. ఆ పట్టు దగ్గర ఒక్క క్షణం కాలు ఆపి, ఆక్సిలరేటర్ కొద్దిగా తాకితే బండి కుదుపు లేకుండా మలుపులోకి ఒదుగుతుంది. మలుపు సగం దాటాక టర్బో అందుకుంటుంది, వెనక నుంచి ఎవరో నెట్టినట్టు బండి పైకి లేస్తుంది. దిగేటప్పుడు ఇదంతా తలకిందులు. రెండో గేరులో వేసి ఇంజిన్‌తోనే బండిని పట్టి ఉంచితే బ్రేకులు వేడెక్కవు. ఈ పని అంతా చేయిస్తున్నది ఎడమ కాలు. దాన్ని నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. నేర్చుకున్నవాడికి అది బతికున్నంత కాలం సంతోషం.

సెల్టోస్ స్పోర్ట్స్ కారు కాదని మీరే అనవచ్చు. నిజమే, ఎత్తుగా కూర్చోబెట్టి కుటుంబాన్ని తీసుకెళ్లే ఎస్‌యూవీ అది. కానీ అందులో ఒక రకానికి జీటీ లైన్ అని పేరు పెట్టింది మీరు. స్టీరింగ్ అడుగుభాగం చదును చేసి, సీట్లకు ఎర్ర దారంతో కుట్లు వేసి, పెడళ్లకు లోహపు తొడుగులు తొడిగి, బ్రేకు క్యాలిపర్లకు ఎర్ర రంగు పూసి అమ్మింది మీరు. మీ కంపెనీ నిజమైన స్పోర్ట్స్ సెడాన్ స్టింగర్‌ను ఈ దేశంలో ఎన్నడూ అమ్మలేదు, ఇప్పుడు దాని తయారీయే ఆగిపోయింది. కాబట్టి అనంతపురంలోనో, ధర్మవరంలోనో, హిందూపురంలోనో ఉద్యోగం చేసుకుంటూ కిస్తీలు కట్టే కుర్రవాడికి కియా నుంచి అందుబాటులో ఉన్న స్పోర్ట్స్ కారు జీటీ లైనే. ఆ పేరుకు తగ్గ బాధ్యత మీ మీద ఉంది. లోహపు తొడుగులున్న పెడళ్లు మూడు ఉండేవి, రెండు చేశారు.

ఇక 2023 రూపం. దాని మంచి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి రోడ్డు మీద నడిచేటప్పుడు వెలువడే పొగను కూడా లెక్కించే నిబంధనలు వచ్చాయి, 1.4 టర్బోను మీరు ఆపేశారు. దాని స్థానంలో తెచ్చిన 1.5 లీటర్ల టర్బో 160 పీఎస్, 253 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. పాతదానికంటే 20 పీఎస్ ఎక్కువ. 44వ నంబరు జాతీయ రహదారి మీద గాలిమరల రెక్కలు మోసుకెళ్లే పొడుగాటి ట్రైలర్‌ను దాటాలంటే ఆ 20 విలువ తెలుస్తుంది. ఎంత తక్కువసేపు దాని పక్కన ఉంటే అంత మంచిది. ఇంజిన్ విషయంలో కొత్తది పాతదాన్ని మించింది, సందేహం లేదు. ముందు దీపాలు, వెనక దీపాలు, లోపలి అమరిక కూడా పాతవాటికంటే పొందికగా ఉన్నాయనే నా అభిప్రాయం.

ఇంత మంచి ఇంజిన్ పెట్టి దానికి మీరు జతచేసిన గేర్‌బాక్సులు రెండు. ఒకటి ఏడు గేర్ల డీసీటీ. రెండోది ఐఎంటీ. చదువరుల కోసం ఈ రెండోదాని గురించి ఒక్క మాట. ఐఎంటీలో గేరు మనమే మార్చాలి, క్లచ్ పెడల్ మాత్రం ఉండదు. గేరు రాడ్ మీద చెయ్యి పడి కదలగానే ఒక సెన్సర్ పసిగడుతుంది, కంప్యూటరు ఆజ్ఞ ఇస్తే హైడ్రాలిక్ ఏర్పాటు ఒకటి క్లచ్‌ను తెరిచి మూస్తుంది. బెంగళూరులో హెబ్బాళ ఫ్లైఓవర్ మీద గంటసేపు అంగుళం అంగుళం జరిగేవాడికి అది వరమే. మోకాలి నొప్పి ఉన్నవాళ్లకూ మంచిదే. వద్దనడం లేదు. కానీ హార్స్‌లీ హిల్స్ మలుపులో అరికాలు చేసిన పని సెన్సర్ చేయలేదు. క్లచ్ ఎంతసేపు పట్టాలో, ఎక్కడ వదలాలో కంప్యూటరు తన లెక్క ప్రకారం చేస్తుంది. ఆ లెక్క సగటు మనిషికి సరిపోతుంది. స్పోర్ట్స్ కారు కోరుకునేవాడు అడిగేది ఆ లెక్క తన చేతిలో, తన కాలిలో ఉండాలని. మరో సంగతి, క్లచ్ ప్లేటు అరిగితే కదిరిలో, గుత్తిలో ఏ మెకానిక్ అయినా శబ్దం విని చెబుతాడు, విప్పి మారుస్తాడు. సెన్సర్, దాని ఆజ్ఞ మోసే పెట్టె, హైడ్రాలిక్ గొట్టం అంటే ల్యాప్‌టాప్ తగిలించి చూడాల్సిందే. మీ సర్వీసు సెంటరు ప్రతి తాలూకాలోనూ లేదు కదా?

మాన్యువల్ అడిగేవాళ్లు తగ్గిపోయారన్నది ఈ రోజుల్లో కార్ల కంపెనీలన్నీ చెప్పే మాట. మీరూ అదే చెబుతారనుకుంటే, మీ ఇంటి సంగతే మీకు గుర్తు చేయాల్సి వస్తుంది. మీరూ హ్యుందాయ్ ఒకే గ్రూపు వాళ్లు. ఈ 1.5 టర్బో ఇంజినే హ్యుందాయ్ వర్నాలో 2023 మార్చిలో వచ్చింది, ఆరు గేర్ల మాన్యువల్‌తో, మూడు పెడళ్లతో. అంటే మీ సెల్టోస్ కొత్త రూపం బయటపడడానికి నాలుగు నెలల ముందే ఆ ఇంజిన్‌కు సరిపోయే మాన్యువల్ గేర్‌బాక్సు మీ గ్రూపు చేతిలో సిద్ధంగా ఉంది. 2023 సెప్టెంబరులో ఐ20 ఎన్ లైన్‌కు కొత్త రూపం ఇచ్చినప్పుడు హ్యుందాయ్ అందులోని ఐఎంటీని తీసేసి మామూలు మాన్యువల్ పెట్టింది. మీరు నడిచిన దారికి సరిగ్గా ఎదురుదారి. 2024 మార్చిలో హ్యుందాయ్ క్రెటా ఎన్ లైన్ వచ్చింది. సెల్టోస్‌కు తోడబుట్టిన కారు అది, అదే 160 పీఎస్ ఇంజిన్, అదే 253 న్యూటన్ మీటర్లు, ఆరు గేర్ల మాన్యువల్. శ్రీపెరుంబుదూరులో చేసే కారుకు వీలైనది ఎర్రమంచిలో చేసే కారుకు ఎందుకు వీలు కాలేదు? గేర్‌బాక్సు ఉంది, ఇంజిన్ ఉంది, కొనేవాళ్లు ఉన్నారని మీ అన్నగారి కంపెనీయే నిరూపించింది. ఇంక అడ్డం వచ్చింది ఏమిటి?

మీ సొంత అనుభవమూ ఇదే చెబుతోంది. 2023లో సెల్టోస్ డీజిల్‌కూ క్లచ్ తీసేసి ఐఎంటీ, ఆటోమేటిక్ మాత్రమే ఉంచారు. ఏడాది తిరగకుండానే, 2024 జనవరిలో, డీజిల్‌కు మాన్యువల్ తిరిగి తెచ్చారు. తెచ్చినందుకు సంతోషం. కంపెనీ తన నిర్ణయాన్ని దిద్దుకోవడం పెద్ద మనసుకు గుర్తు. డీజిల్ కొనేవాడి మాట విన్న చెవి టర్బో పెట్రోల్ కొనేవాడి మాట ఎందుకు వినలేదు?

ఈ గొడవ మీ ఒక్కరిదీ కాదు, ఎస్‌యూవీలదీ కాదు. పాత కారు మంచిదా, కొత్తది మంచిదా అన్న వాదం స్పోర్ట్స్ కార్లు పుట్టినప్పటి నుంచీ ఉంది, చాలాసార్లు పాత కారు అభిమానుల మొండితనమే అందులో కనిపిస్తుంది. పోర్షే 911లో 1990ల చివర గాలితో చల్లబడే ఇంజిన్ పోయి నీళ్లతో చల్లబడేది వచ్చినప్పుడు అభిమానులు ఏడ్చినంత పని చేశారు. ఇంజిన్ విషయంలో కంపెనీదే ఒప్పని కాలం తేల్చింది. గుండ్రటి ముందు దీపాలు తీసేసి చెదిరిన గుడ్డు సొనలాంటి ఆకారం పెట్టిన విషయంలో మాత్రం అభిమానులదే ఒప్పయింది, 2004లో వచ్చిన తరువాతి తరానికి గుండ్రటి దీపాలు తిరిగి వచ్చాయి. అదే పోర్షే 2013లో 911 జీటీ3ని ఆటోమేటిక్ ఒక్కదానితోనే తెచ్చింది. ట్రాకు మీద గడియారం ప్రకారం అది పాత మాన్యువల్ కంటే వేగమైనది. అయినా కొనేవాళ్లు ఊరుకోలేదు. 2016లో 911 ఆర్ అనే కారును మాన్యువల్‌తో 991 మాత్రమే చేస్తే, అవి కొన్న ధరకు ఎన్నో రెట్లకు చేతులు మారాయి. మరుసటి ఏడాదే జీటీ3కి మాన్యువల్ తిరిగి వచ్చింది. టొయోటా సుప్రా 2019లో ఆటోమేటిక్‌తో మాత్రమే తిరిగి పుట్టింది, 2022లో మాన్యువల్ ప్రకటించారు. ఈ కంపెనీలేవీ అభిమానుల మొహమాటానికి ఆ పని చేయలేదు. గడియారంలో పడే క్షణాలు ఒక లెక్క, నడిపేవాడికి దక్కే పని మరో లెక్క అని గ్రహించారు. స్పోర్ట్స్ కారును కొత్తగా తీర్చినప్పుడు ఈ రెండో లెక్కలో నష్టం వస్తే మొదటి లెక్కలో వచ్చిన లాభం దాన్ని పూడ్చదు. మీ 160 పీఎస్ విషయంలో నా వాదన ఇదే.

కొత్త తరం కారు దగ్గరికి వస్తాను. పాతదానికంటే 95 మిల్లీమీటర్లు పొడవు, 30 మిల్లీమీటర్లు వెడల్పు, చక్రాల మధ్య దూరం 80 మిల్లీమీటర్లు ఎక్కువ. వెనక సీట్లో కూర్చునే పెద్దవాళ్లకు మోకాళ్ల దగ్గర చోటు దొరికింది, మంచిదే. ఇంజిన్లు మాత్రం పాతవే. 115 పీఎస్ పెట్రోలు, 160 పీఎస్ టర్బో, డీజిలు. ముందు భాగం నిండా 30 అంగుళాల తెర పరిచారు. ఆ తెర చూసి షోరూంలో జనం మురిసిపోతారు. నడుస్తున్న కారులో తెర మీద బొమ్మ వెతుక్కుని వేలు పెట్టాలంటే కళ్లు రోడ్డు మీంచి తప్పుకోవాలి. గుండ్రటి మీటను చూడకుండానే తిప్పవచ్చు. యూరప్‌లో కార్లకు భద్రతా మార్కులు వేసే సంస్థ 2026 నుంచి హారన్, వైపర్లు, ఇండికేటర్ల వంటివాటికి చేతికి తగిలే మీటలు లేకుంటే పూర్తి మార్కులు ఇవ్వనంటోంది. ప్రపంచం అటు తిరుగుతుంటే మీరు అంగుళాలు పెంచుకుంటూ పోతే ఎలా?

కారు పైకప్పు నిండా అద్దం పెట్టడం సంగతి ఇంకా ఆశ్చర్యం. మే నెలలో మా దగ్గర 42 డిగ్రీలు మామూలు. మధ్యాహ్నం రెండు గంటలకు ఉరవకొండ బస్టాండు దగ్గర కారు అరగంట నిలబెట్టి వచ్చి తలుపు తీస్తే లోపలి గాలి మొహం మీద కొడుతుంది. సీటుబెల్టు బకిల్ పట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. కరువు సీమలో తల మీద అద్దం కావాలని ఎవరు అడిగారు? ఆ ఖర్చుకు పైకప్పుకు వేడి ఆపే మంచి పొర, వెనక సీటు వాళ్ల మొహానికి గట్టిగా చల్లగాలి తగిలే ఏర్పాటు ఇచ్చి ఉంటే మా ఆడవాళ్లు, ముసలివాళ్లు మిమ్మల్ని దీవించేవాళ్లు. చక్రాల సంగతీ అంతే. 2019 జీటీ లైన్‌కు 17 అంగుళాల చక్రాలు, 2023లో 18. రిమ్ము పెరిగితే టైరు పక్క గోడ తగ్గుతుంది, గతుకు దెబ్బ నేరుగా రిమ్ముకు తగులుతుంది. ఫొటోలో 18 అందంగా ఉంటుంది. గ్రానైట్ టిప్పర్లు తిరిగి పెళ్లలు లేచిన తాడిపత్రి దారి మీద 17 మంచిది. ఫ్యాక్టరీ గేటు దాటి పది కిలోమీటర్లు ఏ పల్లె వైపైనా మీ డిజైనర్లు ఒకసారి ఆ చక్రాలతో వెళ్లి చూశారా?

ఇప్పటిదాకా రాసింది ఇష్టాయిష్టాల సంగతి అని ఎవరైనా తోసిపుచ్చవచ్చు. ప్రాణాల సంగతి అలా కాదు. 2020 నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ భారత్‌లో తయారైన సెల్టోస్‌ను, రెండు ఎయిర్‌బ్యాగులున్న రకాన్ని, గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూసింది. పెద్దవాళ్ల రక్షణకు 5కి 3 నక్షత్రాలు, పిల్లల రక్షణకు 2. కారు చట్రం నిలకడగా లేదని, కాళ్లు పెట్టుకునే చోటు కూడా నిలకడగా లేదని తేల్చింది. దానికి ముందటి ఏడాదే, 2019లో, ఆస్ట్రేలియాలో అమ్మే సెల్టోస్‌కు అక్కడి సంస్థ 5 నక్షత్రాలు ఇచ్చింది. ఆ కార్లు కొరియాలో తయారైనవి. రెండు సంస్థల పరీక్షలు ఒకటి కావు, నక్షత్రాన్ని నక్షత్రంతో తూచకూడదని నాకు తెలుసు. కానీ ఎదురుగా ప్రమాదం కనబడితే తనంతట తానే బ్రేకు వేసే ఏర్పాటు అక్కడ అన్ని రకాలకూ ఇచ్చారు. ఇక్కడ ఆనాడు ఏ రకానికీ ఇవ్వలేదు. పేరు ఒకటే, బొమ్మ ఒకటే, ముక్కు మీద బిళ్ల ఒకటే. పెర్త్‌లో పిల్లవాడి మెడకు ఉన్న విలువ పామిడిలో పిల్లవాడి మెడకు లేదా?

తరువాత మీరు చాలా దిద్దారు, కాదనను. ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని రకాలకూ ఇచ్చారు. సీటుబెల్టులు మెరుగుపరిచారు. ఈ విషయంలో కొత్త సెల్టోస్ పాతదానికంటే ఎంతో నయం, పాత జీటీ లైన్ క్లచ్ మీద నాకెంత మమకారం ఉన్నా మా చెల్లెలి పిల్లలను ఎక్కించమంటే కొత్తదానిలోనే ఎక్కిస్తాను. అయినా తానే బ్రేకు వేసే ఏర్పాటు, వరస తప్పితే హెచ్చరించే ఏర్పాటు, ఇవన్నీ కలిపి మీరు అడాస్ అంటున్నారే, అది ఖరీదైన వేరియంట్లకే పరిమితం చేశారు. కింది రకం కొన్నవాడు ఎదురుగా లారీ ఆగితే తన కాలి మీదే ఆధారపడాలి. ఎండకు అద్దం కప్పు ఇస్తారో లేదో మీ ఇష్టం, ప్రాణం కాపాడే బ్రేకును కూడా పై మెట్టు మీద పెట్టడం ఏ న్యాయం?

ఆ అడాస్ కూడా మా దారులు చూసి చేసినట్టు లేదు. ముందున్న వాహనాన్ని, మనిషిని, సైకిలు మీద వెళ్లేవాణ్ని గుర్తుపట్టేలా దాన్ని రూపొందించారు. మా దగ్గర సంధ్యవేళ రోడ్డుకు అడ్డం వచ్చేది గొర్రెల మంద. ముందు కాపరి కంబళి కప్పుకుని ఒక పక్క నడుస్తుంటాడు, మంద తారు వెడల్పంతా పరుచుకుంటుంది. దుమ్ము, గొర్రెలు, రోడ్డు ఒకే రంగులో కలిసిపోతాయి. కంది, ఉలవ నూర్పిళ్ల కాలంలో సగం రోడ్డు కళ్లం. బండ్లు తొక్కితే గింజ రాలుతుందని పంట తెచ్చి దారిమీదే పరుస్తారు, అంచుకు రాళ్లు పేరుస్తారు. తెల్ల గీతలు చూసి వరస పట్టించే కెమెరాకు ఆ రాళ్ల వరస ఏమని అర్థం కావాలి? అసలు తెల్ల గీతలే లేని దారులు ఎన్ని? మీ ఇంజినీర్లు ఈ ప్రాంతంలోనే ఉన్నారు. సాయంత్రం ఆరు గంటలకు రొద్దం వైపో, మడకశిర వైపో కారు తీసుకెళితే ఇవన్నీ కనబడతాయి. ఇక్కడి మందలు, ఇక్కడి కళ్లాలు, ఇక్కడి సందెవెలుగు ఆ కెమెరాకు నేర్పడానికి ఎర్రమంచి కంటే మంచి చోటు మీకు ప్రపంచంలో ఎక్కడ దొరుకుతుంది?

దయచేసి మరో మాట వినండి. పెనుకొండ, సోమందేపల్లి చుట్టుపక్కల కుర్రాళ్లు మీ దగ్గర బోల్టు బిగిస్తున్నారు, రంగు వేస్తున్నారు, తలుపులు సరిచూస్తున్నారు. కారు ఎలా ఉండాలో నిర్ణయించే బల్ల దగ్గర వాళ్లకు చోటు ఉందా? అనంతపురం జేఎన్‌టీయూలో చదివిన మెకానికల్ ఇంజినీర్లు ఉద్యోగాలకు బెంగళూరు బస్సు ఎక్కుతున్నారు. కారును తయారు చేయడం మాకు నేర్పారు, సంతోషం. తీర్చిదిద్దడంలో మాకు భాగం ఇవ్వడం ఎప్పుడు? ఇక్కడివాడు ఆ బల్ల దగ్గర కూర్చుని ఉంటే 18 అంగుళాల చక్రం గురించి, అద్దం కప్పు గురించి ఒక్కడైనా నోరు విప్పేవాడు. క్లచ్ పెడల్ తీసేద్దామన్న రోజున ఘాట్ ఎక్కిన అనుభవం ఉన్నవాడు ఒక్కడైనా వద్దని అడ్డుపడేవాడు.

నేను కోరేది అసాధ్యమైనది కాదు. 160 పీఎస్ జీటీ లైన్‌కు ఆరు గేర్ల మాన్యువల్ తిరిగి ఇవ్వండి. ఐఎంటీ, డీసీటీ కావాలనేవాళ్లకు అవి అలాగే ఉంచండి, మాది కూడా మాకు ఇవ్వండి. దానికి 17 అంగుళాల చక్రాలు కోరుకునే వీలు ఉంచండి, అద్దం కప్పు వద్దనే వీలు ఉంచండి, ఆ మేరకు ధర తగ్గించండి. తానే బ్రేకు వేసే ఏర్పాటును అన్నిటికంటే చవకైన హెచ్‌టీఈ దాకా దించండి. 2023 అక్టోబరు నుంచి మన దేశానికి సొంత భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష ఉంది. ఇక్కడ చేసే ప్రతి కారులోనూ కింది రకాన్నే ఆ పరీక్షకు పంపి, వచ్చిన ఫలితం ఏదైనా సరే షోరూంలో ధర రాసిన బోర్డు మీదే తెలుగులో రాయించండి. రెండో బిడ్డ పుట్టాక ఉన్న బంగారం కుదువపెట్టి కారు కొనే తండ్రికి తెర అంగుళాలు చెప్పినంత గట్టిగా ఆ నక్షత్రాల సంగతి కూడా చెప్పించండి.

ఈ లేఖకు జవాబు నాకు విడిగా పంపవద్దు. కొనేవాళ్లందరూ, భూమి ఇచ్చినవాళ్లందరూ చదివేలా పత్రికల్లోనే ఇవ్వండి. మాన్యువల్ వీలుకాదన్నదే మీ జవాబైతే, అదే ఇంజిన్‌తో వర్నాకు, క్రెటాకు ఎలా వీలైందో కూడా అందులోనే రాయండి.

ఇట్లు,
అనంతపురం నుంచి
మీ కార్లను ఇష్టంగా నడిపే ఒక పాఠకుడు